గవ్వలపాళెం నుంచి నెల్లూరికి

పేరమ్మ ఆటో దిగలేదు. దిగమని ఎస్సైమ్మ చెప్పనూ లేదు. ఒళ్ళో తుపాకి పెట్టుకున్న ఆడమనిషిని రోడ్డు మీద నిలబెడితే పోయే లారీవోడూ వచ్చే లారీవోడూ బండి ఆపి చోద్యం చూస్తాడని ఆమెకీ తెలుసు. కోవూరు దాటి సముద్రం పక్కకు తిరిగే మలుపులో ఇనప కంచెలు అడ్డంపెట్టి బండ్లు తనిఖీ చేస్తా ఉంటే, పేరమ్మే ముందుగా చెయ్యి బయటపెట్టి, "ఇదో తల్లీ, తుపాకి, ఇదో దాని కాయితం, అంతా సక్రమంగా ఉండాది" అని దర్జాగా అందించింది. ఎస్సైమ్మ పేరు సుభాషిణి అంట, చిన్నపిల్ల, కాయితాన్ని ఒకసారి చదివింది, ఇంకోసారి చదివింది, తుపాకి నంబరు చూసుకుంది, తేదీ చూసుకుంది, అన్నీ సరిపోయినాయి. సరిపోయినాక కాయితాన్ని తలకిందులుగా పట్టుకున్నానేమో అన్నట్టు ఒకసారి తిప్పి చూసి, "పెద్దమ్మా, ఇందులో గవ్వలపాళెం నుంచి నెల్లూరికి తుపాకి తీసుకుపోవచ్చని రాసుంది. నువ్వేమో నెల్లూరి నుంచి గవ్వలపాళేనికి పోతుండావు" అనింది. ఆటో తోలే తహీరు స్టీరింగు మీద తల ఆనించి "అయిపాయె" అన్నాడు. ఏం అయిపోలా, నోరు మూసుకోని కూర్చోరా అబ్బయా అని పేరమ్మ వాడి భుజం మీద ఒకటి వేసింది. ఎస్సైమ్మ కాయితాన్ని జీపు ముందు పరుచుకోని అది ఇచ్చిన ఆఫీసుకు ఫోను కలుపుతా ఉంది. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు, వరి కోసేసిన మళ్ళలో కొంగలు తిరగతా ఉండాయి, ఈలోపల అయిపోయిందేంది, మొగపిల్లోళ్ళకు ఊరికే భయం.

తప్పు ఎవరిదంటే ఆఫీసులో టైపు కొట్టిన పిల్లోడిది కాదు, ముమ్మాటికీ పేరమ్మదే, ఆమె ఆటోలో కూర్చుని ఒక్కో ముక్కా గుర్తు చేసుకుంటే గుర్తుకొచ్చింది. వాడు తల ఎత్తకుండానే అడిగినాడు, "ఎక్కడి నుంచి ఎక్కడికి?" అని. ఆమె కూడా ఆలోచించకుండానే చెప్పింది, "గవ్వలపాళెం నుంచి నెల్లూరికి నాయనా" అని. ఇంకేం చెప్తుంది? పెళ్ళై వచ్చిన ఏడు నుంచీ తలకాయ మీద చేపలతట్ట పెట్టుకోని ఆమె నడిచిన దారి అది, తర్వాత బస్సు టాపు మీద తట్ట వేసిన దారి అది, ఇప్పుడు ఆటోలో పోయే దారీ అదే. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నా ఆమె నోట్లోంచి ముందు సముద్రమే వస్తుంది, తర్వాతే ఊళ్ళు. తిరిగొచ్చేది కూడా ఒక దారేనని ఎవరన్నా లెక్కేస్తారా? చేపలు అమ్ముడుపోయినాక ఖాళీ తట్ట బోర్లించుకోని ఇంటికొస్తారు, అంతే, దాన్ని ప్రయాణం అనరు. ఈ పూట మాత్రం తట్ట ఖాళీగా లేదు. నెల్లూరి ఇమామ్ సాహెబు తుపాకిని పాత దుప్పట్లో చుట్టి, రెండు చోట్ల తాడేసి, గొట్టం వేరుగా కట్టె వేరుగా విడదీసి మరీ ఇచ్చినాడు. "తూటాలు వేరే సంచిలో పెట్టినాను పేరమ్మా, రెండూ ఒకచోట కలపబాక, ఇంటికి పోయినాక మీ ఊరి ఎస్సై ముందర పెట్టి రాయించుకున్నాకనే కలుపు" అని పదిసార్లు చెప్పినాడు. పెద్దాయన తుపాకుల అంగడి పెట్టుకోని బతికినా పిట్టను కూడా కొట్టని మనిషి. పేరమ్మ పెనిమిటి కామాక్షయ్య పోయినాక ఈ తుపాకి సాహెబు ఇనప బీరువాలోనే ఉండింది, నెలనెలా నూనె పెట్టి తుడిచినాడంట, కూలి అడిగితే వద్దు పో అన్నాడు.

ఫోను ఎత్తలేదు. ఎస్సైమ్మ మళ్ళా కలిపింది. ఎత్తుతాళ్ళే, సాయంత్రం పూట టీ తాగడానికి పోయుంటారు, ఆఫీసోళ్ళ సంగతి పేరమ్మకు తెలియందా, మొగుడి తుపాకి లైసెన్సు తన పేరుకు మార్పించుకోవడానికి ఏడాది తిరగలా వాళ్ళ చుట్టూ! మొదటిసారి పోయినప్పుడు పెద్దాఫీసరు అద్దాలు కిందికి దించి చూసినాడు, "నీకు ప్రాణభయం ఉందా అమ్మా?" అన్నాడు. "నాకెవరన్నా భయమేందయ్యా, నన్ను చూసి భయపడేవాళ్ళే గానీ" అనింది. "ప్రాణభయం లేకపోతే తుపాకి ఎందుకు?" "నా ప్రాణానికి కాదయ్యా, నీళ్ళ మీద ఉండేవాళ్ళ ప్రాణానికి" అంటే, దరఖాస్తులో ఆ గడిలో ఏం రాయాలో ఆయనకు తెలియక పెన్ను మూసి పెట్టేసినాడు. తర్వాత కానిస్టేబులు విచారణకు వచ్చి పక్కింటావిడను అడిగినాడంట, ఈమె ఎట్టాంటిది, తాగుద్దా, కొట్లాడుద్దా అని. తాగదు, కొట్లాడుద్ది అని చెప్పిందంట మహాతల్లి. దానికి మళ్ళా ఇంకో డాక్టరు, ఇంకో సర్టిఫికెట్టు. ఆ డాక్టరు, "కోపం వస్తుందా?" అంటే, "నువ్వు ఈ మాట మూడోసారి అడిగినావు, వస్తా ఉంది" అనింది, ఆయన పడీపడీ నవ్వి సంతకం పెట్టినాడు. పోలీసోళ్ళ మైదానంలో తుపాకి పట్టుకోవడం నేర్పించినప్పుడు మొదటిరోజు భుజం వాచి తట్ట ఎత్తలేకపోయింది, పక్కన నేర్చుకునే బ్యాంకు గార్డులు ముసిముసిగా నవ్వినారు, నాలుగోరోజుకి నవ్వలేదు. ఈ వయసులో నాకింత నేర్పు ఉండాదా అని ఆమెకే ముచ్చటేసింది, ఇంటికొచ్చి ఎవరూ లేనప్పుడు చీపురుకట్ట భుజానికి ఆనించి అద్దంలో చూసుకుంది కూడా. కామాక్షయ్య ఉంటే ఎంత నవ్వుండేవాడో.

ఆ మనిషి నవ్వడం మానేసింది పంచాయితీ ఎలక్షన్ల ఏడు. గవ్వలపాళెంలో ఏరు సముద్రంలో కలిసేచోటు ఉంది, మొగ అంటారు దాన్ని, పడవలన్నీ ఆ సందులోంచే లోపలికి రావాల, రెండు పక్కలా ఇసక మేటలు, మేట మీద అల విరిగితే పడవ బొమ్మ మాదిరి తిరగబడుద్ది. మంచు పట్టిన తెల్లారుజాముల్లో మొగ కనపడదు, దీపం వేసినా కనపడదు. అప్పుడు కామాక్షయ్య మొగ అంచున నిలబడి గుండు లేని ఉత్త తూటా పేల్చేవాడు, కాసేపాగి ఇంకోటి పేల్చేవాడు, ఆ చప్పుడు పట్టుకోని పడవలు వచ్చేవి. వాళ్ళ నాయన కూడా అట్నే చేసినాడు. సెల్లుఫోన్లు వచ్చినాయి, దారి చూపే డబ్బాలు వచ్చినాయి, అవన్నీ ఊరి దాకా తీసుకొస్తాయి గానీ మొగలోకి తీసుకురావు, మేట వారానికోసారి జరగతా ఉంటే డబ్బాకేం తెలుసు. అందుకే చేపల వేట మొదలుపెట్టే రోజు పొద్దున్నే ఒక తూటా పేల్చి గానీ మొదటి పడవను నీళ్ళలోకి తొయ్యరు. గట్టున తుపాకి ఉండాది, ఇదిగో దీని గొంతు ఇది, గుర్తుపెట్టుకోని పోండి అని చెప్పడం అది. ఆ ఏడు ఎలక్షన్లని ఊళ్ళో లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పజెప్పమన్నారు. చట్టం అంటే చట్టమే, కామాక్షయ్య అందరికంటే ముందు పోయి ఇచ్చొచ్చినాడు. వారం తిరక్కముందే మంచు పట్టింది. పడవలు బయట ఉండాయి. ఆయన గట్టున నిలబడి బిందె మీద రోకలిబండతో కొట్టినాడు, అరిచినాడు, ఊరంతా అరిచింది, ఆడోళ్ళు, పిల్లకాయలు, అందరూ. ముత్యాలయ్య పడవ ఆ అరుపులకు ఎటు తిరగాలో తెలియక మేట మీదికెక్కింది. ముగ్గురు ఈదుకోనొచ్చినారు, ముత్యాలయ్య రాలా. వాళ్ళావిడ కామమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు, తిట్టుంటే బాగుండు. "దాచిపెట్టుకోనుంటే పోయేది కదన్నా, ఎవడు చూసినాడు" అని గంగులయ్య అన్నాడు, మరిది అయితే మాత్రం, ఆ మాట అప్పుడనాలా? కామాక్షయ్య అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలిపి అట్నే పెట్టేసేవాడు. ఎలక్షన్లు అయినాక తుపాకి తిరిగొచ్చినా ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు, పేరమ్మే గట్టు దాకా మోసుకుపోయి చేతిలో పెట్టేది, పేల్చేవాడు, ఏడ్చేవాడు. పోయిన ఏడు పోయినాడు. డాక్టరు గుండె అన్నాడు, గుండే, కాదని ఎవరన్నారు.

"అక్కా, టీ తాగుతావా?" అని తహీరు అడిగితే పేరమ్మ ఉలిక్కిపడింది. "తుపాకి పక్కన పెట్టుకోని టీ ఏందిరా, ఒలికితే?" అనింది. ఎస్సైమ్మ చెవి దగ్గర ఫోను పెట్టుకోని అటూ ఇటూ నడస్తా ఉంది, బూట్ల చప్పుడు. అమ్మాయి మొహంలో ఇసుగు లేదు, అది మంచి గుర్తు, పని జరుగుద్ది. జరక్కపోతే ఏంది పరిస్థితి? ఆమె మొదటిసారి ఆ మాట అనుకుంది, అనుకుని పక్కకు తోసేసింది, అది మళ్ళా వచ్చింది. ఈ రాత్రితో వేట నిషేధం అయిపోద్ది, రేపు తెల్లారి కోస్తా అంతా పడవలు లేస్తాయి, మొదటిరోజు చేపకుండే ధర మళ్ళా నెలకు గానీ రాదు. మొన్న ఊరు కూర్చున్నప్పుడు పేరమ్మ లేచి నిలబడి చెప్పింది, ఈ ఏడు తుపాకి పేలకుండా పడవ కదలగూడదని. గంగులయ్య తుండు దులిపి భుజాన వేసుకోని, "పోయినేడు నేను టపాకాయ కాలిస్తే పడవలు పోలేదా వదినా?" అన్నాడు. పోయినాయి, పోక ఏం చేస్తాయి! కానీ తిరిగొచ్చేటప్పుడు ఏమైందో వాడికి తెలియదా? పుష్యమాసంలో మంచు పట్టింది, ఇక్కడ గంగులయ్య టపాకాయలు కాల్చినాడు, అదే టయానికి పక్క పాళెంలో పెళ్ళికొడుకు దిగినాడని వాళ్ళు పది సరాలు కాల్చినారు. సుబ్బు, పేరమ్మ కన్న కొడుకు, ఆ పెళ్ళి చప్పుడును ఊరి చప్పుడనుకోని పక్క పాళెం మేట మీదికి పడవను తోలినాడు. పడవ విరిగింది, వాడు బతికినాడు, పెళ్ళోళ్ళే లాగి గట్టున వేసి కొత్త పంచ కప్పినారు. టపాకాయ ఎవడైనా కాలుస్తాడు, క్రికెట్టు గెలిస్తే కాలుస్తాడు, ఎమ్మెల్యే వస్తే కాలుస్తాడు. తుపాకి గొంతు ఒకటే. ఊరు ఈ మాట విని తలూపింది, తలూపి చివరకు గంగులయ్య పక్క కొంచెం, పేరమ్మ పక్క కొంచెం చూసి తీర్పు చెప్పింది, రేపు తెల్లారేలోపల తుపాకి వస్తే తుపాకి, రాకపోతే టపాకాయ, ఆ తర్వాత ఇంక ఈ మాట ఎత్తగూడదు అని. ఎత్తగూడదంటే ఎప్పటికీ ఎత్తగూడదనే. అప్పుడు ఇంకో మంచుపూట సుబ్బును లాగడానికి పెళ్ళోళ్ళు ఉంటారో ఉండరో.

ఎస్సైమ్మ ఫోను మాట్లాడేసి వచ్చి ఆటో కమ్మీ పట్టుకోని వంగింది. టైపు కొట్టిన పిల్లోడు దొరికినాడంట. తప్పు అయిందని ఒప్పుకున్నాడంట, మార్చాలంటే మాత్రం సారు సంతకం కావాల, సారు రేపు పొద్దున ఆఫీసుకొస్తే అరగంట పని అంట. "ఇప్పుడు కుదరదా తల్లీ?" "కుదరదు పెద్దమ్మా. సారు ఊళ్ళో లేరు." మొగ సంగతి, రేపు తెల్లారి పడవలు లేచే సంగతి పేరమ్మ గబగబా చెప్పుకొచ్చింది. వడ్ల లారీ ఒకటి దుమ్ము రేపుకుంటా పోయింది. ఎస్సైమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మాది మనుబోలు. సముద్రం చూసింది ఈ ఉద్యోగం వచ్చినాకే. అయినా నువ్వు చెప్పింది నాకర్థమైంది. నువ్వు పో. నేను ఆపలేదు, నువ్వు ఇటు రాలేదు. రేపు కాయితం మార్పించి నేనే మనిషినిచ్చి పంపిస్తా." తహీరు ఆ మాట పూర్తికాకముందే ఆటో స్టార్టు చేసేసినాడు.

అమ్మయ్య అనుకుంది పేరమ్మ. నిజంగానే అనుకుంది, ఒళ్ళంతా తేలికైంది, గట్టున నిలబడ్డట్టూ తుపాకి భుజానికి ఆనిచ్చినట్టూ సుబ్బు పడవ ముక్కు మీద నిలబడి ఇటు తిరిగి చూస్తున్నట్టూ కళ్ళ ముందు కట్టింది, గంగులయ్య మొహం కూడా కనపడింది, ఆ మొహం చూడ్డానికన్నా పోవాల. ఆటో కంచె దాకా కదిలింది. కదిలినాక, ఊరి స్టేషనులో ఈ తుపాకిని చూపించి రాయించుకోవాల కదా, వాళ్ళు ఈ కాయితమే చదువుతారు కదా, ఇది ఎట్టా వచ్చిందమ్మా ఇక్కడికి అంటే ఏం చెప్పాల, ఎస్సైమ్మ పేరు చెప్పాలా, చెప్పకుండా అబద్ధం ఆడాలా? సరే, ఆడినాననుకో. మళ్ళా ఎలక్షన్లు రావా? తుపాకి అప్పజెప్పమనరా? అప్పుడు అయ్యా ఇది మా గట్టున ఉండాల్సిన తుపాకి, దీన్ని ఉండనీయండి అని పెద్ద కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చంట, ఇమామ్ సాహెబు చెప్పినాడు, కామాక్షయ్యకు ఆ సంగతి తెలియకే పోయి ఇచ్చొచ్చినాడు పాపం. ఆ అర్జీ పెట్టుకున్నోళ్ళ పాత సంగతులన్నీ తవ్వుతారంట, ఒక్క తప్పు కనపడినా చాలు, తీసి పక్కన పడేస్తారు. ఆ ఒక్క తప్పు ఈ పూట ఈ ఆటోలో చేస్తే, ఇంకో ముత్యాలయ్య పోతాడు. దానికి ఏడాది తిరిగిందా తను? అయ్యో రామా, ఎంత పనయ్యేది!

"ఆపరా" అనింది. తహీరుకు వినపడలా. వీపు మీద చరిచింది, "ఆపరా అంటే!" ఆపినాడు. పేరమ్మ ఇప్పుడు దిగింది, దుప్పటి మూటను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోని, రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తే చూసుకోనీ అని నడుచుకుంటా ఎస్సైమ్మ దగ్గరికి పోయింది. "నీ మంచితనం మరిచిపోను తల్లీ. కానీ వద్దు. తుపాకి ఈ రాత్రికి నీ స్టేషనులో పెట్టుకో, తూటాలు వేరేగా పెట్టు, నాకు రసీదు రాసియ్యి. పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేటప్పటికి నేను గుమ్మంలో ఉంటా." ఎస్సైమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మరి రేపు మీ పడవలు?" "అది నేను చూసుకుంటా" అనింది పేరమ్మ. ఎట్టా చూసుకుంటుందో అప్పటికి ఆమెకూ తెలియదు, అయినా ఆ మాట గట్టిగానే వచ్చింది.

గంగులయ్యకు ఫోను కలిపింది. మొదటి గంటకే ఎత్తినాడు. వెనకాల గట్టు మీద గోల, ఇంజన్లు పరీక్షించే చప్పుళ్ళు, ఎవరో ఎవరినో తిట్టడం. "యాడుండావు వదినా? ఐసు ఎక్కించేసినాం, డీజిలు పోసేసినాం. తుపాకి వస్తుందా రాదా, తేల్చి చెప్పు" అన్నాడు.

"ఈ రాత్రికి రాదబ్బయా. తప్పు నాదే, దారి పేరు తిప్పి చెప్పినాను, కాయితంలో అట్నే పడింది. రేపు మధ్యాన్నానికి తెస్తా. పడవలు ఎల్లుండి లేస్తాయి."

గంగులయ్య నవ్వినాడు. "ఎల్లుండా! పక్క పాళెమోళ్ళు రేపే లేస్తా ఉంటే? మాటంటే మాటే వదినా, ఊరు చెప్పింది నువ్వు విన్నావు. నేను పొద్దున్నే టపాకాయ కాలుస్తా."

"ఎస్సైమ్మ పొమ్మనింది" అనింది పేరమ్మ. "నేను చూళ్ళేదు, తీసుకోని పో అనింది. ఆటో కదిలింది కూడా. నేనే ఆపించి దిగినాను. దొంగతనంగా తెచ్చిన తుపాకిని రేపు ఎవడైనా పట్టుకుపోతాడు, మళ్ళా మంచు పట్టినప్పుడు నా చేతిలో ఉండదు. మీ అన్న ఆ పొద్దు ఒట్టి చేతులతో నిలబడినాడే, అట్టా నేను నిలబడలేను గంగులూ. నా వల్ల కాదు. సుబ్బూ ఆ పడవల్లోనే ఉంటాడు, నీ కొడుకూ ఉంటాడు." మూటను ఇంకాస్త పైకి ఎగదోసుకుంది. "నేను బతిమాలడం లా. చెప్తా ఉండాను. ఎల్లుండి."

ఫోను తెగిపోయిందేమోనని చూసుకుంది, తెగలా. గోల వినపడతానే ఉంది. తహీరు ఆటో పక్కన, ఎస్సైమ్మ జీపు పక్కన ఇటే చూస్తా నిలబడుకోనుండారు.

"వదిలేస్తానన్నా వద్దన్నావా?" అని అడిగినాడు గంగులయ్య, గొంతు మారిపోయింది.

"వద్దన్నాను."

తర్వాత ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తీసినట్టున్నాడు, గొంతు దూరంగా, గట్టు మొత్తానికీ వినపడేట్టు, పెద్దగా వినపడింది.

"ఒరేయ్, ఐసు దించండిరా! రేపు లేదు, ఎల్లుండి! ఏందిరా చూస్తా ఉండారు, వదిన చెప్పింది, దించండి!"

పేరమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, తుడుచుకోలేదు, చేతుల్లో తుపాకి ఉంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టుకోని, ఐసు పెట్టెలు ఒకటొకటిగా ఇసకలో దిగే చప్పుడు వినపడేదాకా అట్నే నిలబడింది.